మొదటిసారి రేస్ ట్రాక్ మీదికి కారు తీసుకెళ్లేవాళ్లు ఏ స్కూల్ ఎంచుకోవాలి? పక్క సీట్లో ఎవరుంటారో చూడండి

పోయిన నెలలో ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. నార్త్ కరోలినాలో మా షార్లెట్‌లోనే ఉంటాడు, వరసకి తమ్ముడవుతాడు. కొత్తగా టయోటా జీఆర్86 కొన్నాడు, అదీ మాన్యువల్ గేర్లది. "అన్నా, రోడ్డు మీద ఎంత నడిపినా దీని సంగతేంటో తెలియట్లేదు, ఒకసారి ట్రాక్ మీదికి తీసుకెళ్దామనుకుంటున్నా. కానీ ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. ఒకరు స్కూల్ అంటారు, ఒకరు క్లబ్ అంటారు, ఇంకొకరేమో రెండొందల డాలర్లు కట్టి నేరుగా వెళ్లిపొమ్మంటున్నారు. ఏం చేయమంటావు?" అని అడిగాడు. గంటన్నర మాట్లాడుకున్నాం. అమెరికాలో మనవాళ్లు మంచి మంచి కార్లు కొంటున్నారు, ఈ ప్రశ్న నన్ను అడిగేవాళ్లూ పెరిగారు, అందుకని అతనికి చెప్పిందే కాస్త సర్ది ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటిసారి వెళ్లేవాళ్లు ట్రాక్ పేరు చూసి ఎంచుకోవద్దు, అక్కడ ఇచ్చే కారు చూసీ ఎంచుకోవద్దు. రెండు విషయాలు కనుక్కోండి చాలు. మీరు నడుపుతున్నప్పుడు పక్క సీట్లో నేర్పే మనిషి కూర్చుంటారా? నడిపే కారు మీదా, వాళ్లదా?

ఈ మాట ఊరికే అనట్లేదు. నేను మొదటిసారి వెళ్లింది పక్కన ఎవరూ కూర్చోని ట్రాక్ డేకే, అంటే డబ్బు కట్టి మన కారుని మనమే ట్రాక్ మీద నడుపుకునే రోజుకి. ఉదయం పావుగంట మీటింగ్ పెట్టి, జెండాల అర్థాలు చెప్పి పంపించేశారు. రెండో సెషన్లో పొడవాటి స్ట్రెయిట్ (మలుపుల్లేని తిన్నని దారి) చివర బ్రేక్ తొక్కితే, తడి స్పాంజి మీద కాలు వేసినట్టు పెడల్ మెత్తగా లోపలికి దిగిపోయింది. కారు మలుపు దాటి గడ్డిలోకి వెళ్లి ఆగింది. నాకూ కారుకూ ఏమీ కాలేదు కానీ, పిట్స్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే చోటికి, తిరిగొచ్చి ఇంజిన్ ఆపాక కూడా నా కుడికాలు వణుకు తగ్గలేదు. పక్క గరాజ్‌లో ఉన్న పెద్దాయన వచ్చి చూసి, "బ్రేక్ ఫ్లూయిడ్ మరిగింది, ఎప్పుడు మార్చావు?" అన్నారు. కారు కొన్నాక నేను దాన్ని ముట్టుకోనే లేదు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమని మెల్లగా పీల్చుకుంటుంది, తేమ చేరినకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది, మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి, ద్రవంలా కాకుండా ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి మనం తొక్కిన బలం చక్రం దాకా చేరదు. ఇదంతా ఆయన నాకు పది నిమిషాల్లో విడమర్చి చెప్పారు. అలాంటి మనిషి నా పక్క సీట్లో ఉండి ఉంటే, రెండు ల్యాప్‌ల ముందే బ్రేక్ వాసన పట్టేసి నన్ను నెమ్మదించమనేవారు.

ఇక ఉన్న దారులేంటో చూద్దాం.

మొదటిది కార్ల కంపెనీలు నడిపే స్కూళ్లు. మా వైపు రెండు బాగా దగ్గర. సౌత్ కరోలినాలో స్పార్టన్‌బర్గ్ ఫ్యాక్టరీ పక్కనే, గ్రీర్‌లో, బీఎండబ్ల్యూ పెర్ఫార్మెన్స్ సెంటర్ ఉంది. అట్లాంటాలో ఎయిర్‌పోర్ట్ పక్కన 2015లో తెరిచిన పోర్షా ఎక్స్‌పీరియన్స్ సెంటర్ ఉంది. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకి బీఎండబ్ల్యూది థర్మల్‌లో, పోర్షాది లాస్ ఏంజెలిస్ దగ్గర కార్సన్‌లో ఉన్నాయి. కారు వాళ్లదే, టైర్లు వాళ్లవే, బ్రేకులు అరిగినా వాళ్లవే. చేతులూపుకుంటూ వెళ్లి రావచ్చు.

పోర్షా సెంటర్‌లో మామూలుగా 90 నిమిషాల సెషన్ ఉంటుంది, ఆ సేపంతా ఒక కోచ్ మీ పక్కనే కూర్చుంటారు. కిక్ ప్లేట్ అని ఒకటి పెట్టారు. దాని మీదుగా వెళ్తుంటే భూమిలో అమర్చిన పలక వెనక చక్రాలని ఒక్కసారి పక్కకి తన్నుతుంది, ముందేమో నీళ్లతో తడిపిన నున్నటి నేల. మొదటిసారి అందరూ గిర్రున తిరిగిపోతారు, ఎందుకంటే కళ్లు కారు ముక్కు ఎటు పోతుందో అటే చూస్తాయి. "నువ్వు వెళ్లాల్సిన చోటు చూడు, చేతులు వాటంతటవే వస్తాయి" అని కోచ్ చెప్తారు. నాలుగోసారికో ఐదోసారికో కళ్లు దూరంగా ఉన్న కోన్ మీద నిలిపితే, స్టీరింగ్ నిజంగానే చేతుల్లో దానంతటది తిరిగినట్టు అనిపిస్తుంది. ఆ ఒక్క అనుభవం మంచు రోజున హైవే మీద కూడా పనికొస్తుంది, అందుకే ట్రాక్ మీద ఆసక్తి లేనివాళ్లకి కూడా నేను ఇది చెప్తుంటాను. కొత్తగా లైసెన్స్ తీసుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లకోసం విడిగా నడిపే టీన్ స్కూళ్లు కూడా చూడండి, బీఎండబ్ల్యూ వాళ్లు నడుపుతారు.

బీఎండబ్ల్యూ దగ్గర పద్ధతి కొంచెం వేరు. ఎక్కువ భాగం ఇన్‌స్ట్రక్టర్ బయట నిలబడో, ముందు కారులో వెళ్తూనో వాకీటాకీలో చెప్తుంటారు. కారు జారేలా చేసిన నేల (స్కిడ్‌ప్యాడ్), కోన్ల మధ్య అటూ ఇటూ తిప్పుతూ నడిపే స్లాలమ్, గట్టిగా బ్రేక్ వేసి ఆపడం, చిన్న హ్యాండ్లింగ్ ట్రాక్, ఇలా ఒక్కో స్టేషన్ తిప్పుతారు. బ్రేక్ పాఠం ఒక్కటే ఆ డబ్బుకి సరిపోతుందని నా నమ్మకం. మనలో చాలామందిమి జీవితంలో ఒక్కసారి కూడా బ్రేక్‌ని పూర్తిగా తొక్కి ఉండం. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేసేటప్పుడు కాలి కింద పెడల్ టకటకా కొట్టుకుంటుంటే, ఏదో విరిగిందని భయపడి కాలు తీసేస్తాం. అక్కడ పదిసార్లు తొక్కించి ఆ భయం పోగొడతారు.

మరి లోటు ఏంటంటే, మీ కారు గురించి మీకేమీ తెలియదు, వెనక నుంచి వేగంగా వచ్చే కార్లకి దారి ఎలా ఇవ్వాలో తెలియదు, జెండాలు చూసే అలవాటు రాదు. ఖర్చు కూడా తక్కువేం కాదు, రోజు మొత్తం సాగే స్కూళ్లకి వెయ్యి డాలర్లు పైనే పెట్టుకోవాలి.

రెండోది రేసింగ్ స్కూళ్లు. 1975లో మొదలైన స్కిప్ బార్బర్ ఉంది, అరిజోనాలో ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో రాడ్‌ఫర్డ్ ఉంది. ఒకప్పుడు రేసర్ బాబ్ బాండ్యూరెంట్ పేరు మీద నడిచిన స్కూలే అది, 2021లో పేరు మారింది. వీటిలో మూడు రోజుల కోర్సుకి కొన్ని వేల డాలర్లు అవుతాయి. నేర్పడం అద్భుతంగా నేర్పుతారు, అందులో అనుమానం లేదు. మూడు రోజుల రేసింగ్ స్కూల్ పూర్తి చేస్తే రేసింగ్ లైసెన్స్‌కి అప్లై చేసుకోవడానికి దారి కూడా సులువవుతుంది. కానీ ఎప్పుడూ ట్రాక్ చూడనివాళ్లు ఒకేసారి మూడు రోజులు వెళ్తే, రెండో రోజు మధ్యాహ్నానికే బుర్ర నిండిపోతుంది, ఆ తర్వాత చెప్పింది చెవిలో పడుతుంది కానీ చేతుల్లోకి రాదు. రేసులే చేయాలని గట్టిగా అనుకున్నవాళ్లు ఒకటి రెండుసార్లు క్లబ్ ఈవెంట్లకి వెళ్లొచ్చి, తమకేం రావట్లేదో తెలుసుకుని వెళ్తే అదే డబ్బుకి రెట్టింపు దక్కుతుంది. ఈలోపు రుచి చూడాలంటే వీళ్లవే ఒక్కరోజు కోర్సులు ఉంటాయి.

మూడోది క్లబ్బులు నడిపే ఈవెంట్లు, హెచ్‌పీడీఈ (హై పెర్ఫార్మెన్స్ డ్రైవర్ ఎడ్యుకేషన్) అంటారు. బీఎండబ్ల్యూ కార్ క్లబ్, పోర్షా క్లబ్, నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్, ఇలా చాలామంది నడుపుతారు. బీఎండబ్ల్యూ క్లబ్ అయినా చాలా చాప్టర్లు (స్థానిక శాఖలు) వేరే కార్లని కూడా రానిస్తాయి, కాబట్టి మీ దగ్గర సివిక్ ఉందనో మస్టాంగ్ ఉందనో వెనకాడొద్దు. మీ కారే నడుపుతారు, కొత్తవాళ్లకి పక్కన ఇన్‌స్ట్రక్టర్ తప్పనిసరి. ఈ ఇన్‌స్ట్రక్టర్లలో చాలామంది డబ్బు కోసం చేసేవాళ్లు కాదు, ఇష్టం కొద్దీ వచ్చేవాళ్లు. ఒకరోజు నా పక్కన కూర్చున్నావిడ పళ్ల డాక్టర్, ఇరవై ఏళ్లుగా ట్రాక్ మీద నేర్పుతున్నారు.

రోజు ఎలా గడుస్తుందో చెప్తాను, ఎందుకంటే చాలామందికి టెన్షన్ అంతా తెలియకపోవడం వల్లే. పొద్దున్నే ఏడింటికల్లా చేరాలి. కారులో ఉన్నవన్నీ తీసేయాలి, డిక్కీలో స్టెపినీ పక్కన దొర్లే నీళ్ల సీసా, కాళ్ల కింద మ్యాట్లు, పిల్లల కార్ సీటు, అన్నీ. చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగించాలో అంత బిగిసాక టక్‌మని చెప్పే పానా) బిగించి, అది టక్‌మన్నాక ఆపాలి. తర్వాత డ్రైవర్స్ మీటింగ్, అందులో జెండాలు: పసుపుకి జాగ్రత్త, ఎరుపుకి మెల్లగా ఆపేయడం, నలుపు మీకే చూపిస్తే పిట్స్‌లోకి రావడం, నీలం అయితే వెనక వేగమైన కారుంది దారి ఇవ్వమని. ఆ తర్వాత 20 నిమిషాల సెషన్లు రోజుకి నాలుగో ఐదో, మధ్యలో క్లాస్‌రూమ్.

మొదటి సెషన్లో హెల్మెట్‌లోని స్పీకర్‌లో ఆ పళ్ల డాక్టర్ గొంతు తప్ప నాకేమీ వినపడలేదు. "బ్రేక్, బ్రేక్, ఇంకా, ఇప్పుడు మెల్లగా వదులు, కోన్ చూడు, తర్వాతి కోన్ చూడు." నేను మలుపు చూస్తుంటే ఆవిడ ఆ తర్వాతి మలుపు చూపిస్తున్నారు. రెండో సెషన్‌కి మాటలు తగ్గాయి, చేత్తో చూపించడం మొదలైంది. నాలుగో సెషన్లో ఒక ల్యాప్ మొత్తం ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు, నాకు ఎవరూ ఇవ్వని సర్టిఫికెట్ ఇచ్చినట్టనిపించింది. కొత్త గ్రూపులో ఇష్టమొచ్చిన చోట ఓవర్‌టేక్ చేయడానికి లేదు. చెప్పిన స్ట్రెయిట్లలోనే, అదీ ముందు కారు డ్రైవర్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఏ వైపు నుంచి వెళ్లాలో చూపిస్తేనే. ఇదే ఈ ఈవెంట్లని రేసు నుంచి వేరు చేసేది. ఇంట్లోవాళ్లకి ఇది చెప్పండి, మా ఆవిడ భయం సగం ఈ ఒక్క మాటతోనే తగ్గింది.

రెండు రోజుల వీకెండ్‌కి ట్రాక్‌ని బట్టి 400 నుంచి 800 డాలర్ల దాకా అనుకోండి. హోటలు, పెట్రోలు, బ్రేకులు వేరు.

నాలుగోది ట్రాక్ నైట్ ఇన్ అమెరికా. ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) వాళ్లు 2015 నుంచి నడుపుతున్నారు. పనిరోజు సాయంత్రం, ఆఫీసు నుంచి కాస్త ముందు బయల్దేరి వెళ్లిపోవచ్చు, 20 నిమిషాల సెషన్లు మూడు, ఖర్చు 200 డాలర్లకి అటూఇటూ. నోవిస్ (కొత్తవాళ్ల) గ్రూపుకి మీటింగులు పెట్టి ఓపిగ్గా చెప్పే కోచ్ ఉంటారు, మొదట నెమ్మదిగా ముందు కారు వెనక తిప్పుతారు, వాతావరణం కూడా స్నేహంగా ఉంటుంది. కానీ కారులో పక్కన ఎవరూ కూర్చోరు. చాలామంది దీనితోనే మొదలుపెట్టి క్షేమంగా తిరిగొచ్చారు, అది నిజం. అయినా నా తమ్ముడికి నేను ఇది మొదటిదిగా చెప్పలేదు, మూడోదిగా చెప్పాను. ఒంటరిగా నడిపినప్పుడు తప్పు చేస్తున్నామని తెలియదు, తెలియని తప్పు ప్రతి ల్యాప్‌కీ గట్టిపడుతుంది, తర్వాత దాన్ని వదిలించుకోవడానికి ఇన్‌స్ట్రక్టర్‌కి రెండు వీకెండ్లు పడుతుంది. నాకు అలాగే పట్టింది.

ఆటోక్రాస్ గురించి కూడా ఒక్క మాట. ఖాళీ పార్కింగ్ లాట్‌లో కోన్లు పెట్టి ఒక్కొక్కరినే పంపిస్తారు, నిమిషం పాటు పరుగు, రోజంతా ఐదారుసార్లే నడుపుతారు. చవక, తగిలితే కోన్లే తగులుతాయి. ఎండలో ఎక్కువసేపు నిలబడాలి, అంతే. డబ్బు చూసుకోవాల్సినవాళ్లు దీనితో మొదలుపెట్టినా తప్పులేదు.

ఇప్పుడు ఎవరికి ఏది అంటే, నా లెక్క ఇది. కారు మీద బ్యాంకు లోన్ ఇంకా చాలా ఉంది, లేదా లీజు కారు, లేదా ఇంట్లో అదొక్కటే కారు, సోమవారం పొద్దున అదే కారులో పిల్లల్ని స్కూల్లో దింపాలి అనుకోండి, ముందు కంపెనీ స్కూల్‌కే వెళ్లండి. సొంత కారుకి ఏమవుతుందోనన్న భయం బుర్రలో తిరుగుతుంటే పాఠం ఎక్కదు. కారు మీ సొంతం, దాన్నే బాగా నడపడం నేర్చుకోవాలనుంది, ఇంకా ఇంకా వెళ్లాలనుంది అంటే క్లబ్ వీకెండ్‌ని మించింది లేదు. రెండూ చేయగలిగితే కంపెనీ స్కూల్ ముందు, నెల రెండు నెలల్లో క్లబ్. అక్కడ స్కిడ్‌ప్యాడ్ మీద వెనక చక్రాలు జారడం ఎలా ఉంటుందో ఒకసారి ఒంటికి తెలిస్తే, ఇక్కడ సొంత కారు చిన్నగా కదిలినా కంగారు పడరు.

కారు విషయంలో కొన్ని ముందే చూసుకోవాలి. ఎస్‌యూవీలని చాలా క్లబ్బులు రానివ్వవు, ఎత్తు ఎక్కువ కాబట్టి బోల్తా పడే ప్రమాదం ఉంటుందని. టాప్ లేని కార్లకి రోల్ బార్ (బోల్తా పడితే తలని కాపాడే ఇనుప కమ్మి) అడుగుతారు. టెస్లా ఉన్నవాళ్లు మన వాళ్లలో ఎక్కువ కాబట్టి చెప్తున్నా, కారు బరువు, దాంతో బ్రేకులు తొందరగా వేడెక్కుతాయి. పైగా బ్యాటరీ నూరు శాతం నిండి ఉంటే రీజెన్ (యాక్సిలరేటర్ వదిలితే మోటారే కారుని నెమ్మదింపజేయడం) సరిగా పనిచేయదు, రోజూ ఒక్క పెడల్‌తో నడిపే అలవాటున్న కాలుకి అక్కడ కారు ఆగకపోతే గుండె ఆగినంత పనవుతుంది. ఈవీలని ఆ ఈవెంట్‌కి రానిస్తారా, దగ్గర్లో చార్జింగ్ ఉందా అని ముందే మెయిల్ పెట్టి అడగండి.

ఏ కారైనా సరే, వెళ్లే ముందు కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ పోయించండి, మంచి రకం, ఎక్కువ వేడికి తట్టుకునేది. బ్రేక్ ప్యాడ్లు సగానికి పైగా ఉండాలి. సెషన్ అయ్యాక చివరి ల్యాప్ బ్రేక్ పెద్దగా వాడకుండా మెల్లగా తిరిగి చల్లార్చాలి, లోపలికొచ్చాక హ్యాండ్‌బ్రేక్ వేయకూడదు, వేడి ప్యాడ్లు డిస్క్‌కి అతుక్కుంటాయి. టైర్లలో గాలి వేడికి ఆరు నుంచి పది పాయింట్ల దాకా పెరుగుతుంది, ఒక గేజ్ కొనుక్కుని ప్రతి సెషన్ తర్వాత చూసుకోండి. హెల్మెట్ స్నెల్ (హెల్మెట్లని పరీక్షించే సంస్థ) స్టిక్కర్ ఉన్నదై ఉండాలి, బైక్ హెల్మెట్ రకం కాకుండా మంటకి కూడా పరీక్షించిన ఎస్ఏ రకం కొంటే ఎక్కడికైనా పనికొస్తుంది. ఏ సంవత్సరం రేటింగ్ దాకా ఒప్పుకుంటారో క్లబ్ రూల్స్‌లో ఉంటుంది. మొదటిసారికి చాలాచోట్ల అద్దెకో అరువుకో ఇస్తారు, అడిగితే.

ఇన్సూరెన్స్ గురించి మాత్రం ఎవరి మాటా వినకుండా మీ పాలసీ కాగితం మీరే చదవండి. "రేసు కాదు కదా, కవర్ అవుతుందిలే" అనేవాళ్లు చాలామంది ఉంటారు. ఇప్పుడు చాలా పాలసీల్లో రేసు అని మాత్రమే కాదు, రేసింగ్ కోసం కట్టిన చోట కారు ఊరికే నడిపినా కవర్ ఉండదని రాస్తున్నారు. హాగర్టీ, లాక్‌టన్ లాంటి కంపెనీలు ఒక్క ఈవెంట్‌కే పాలసీ ఇస్తాయి, కారు విలువని బట్టి ప్రీమియం. గోడకి గుద్దితే కారు మొత్తం వదులుకోగలనా అని ఒక్కసారి ఆలోచించండి, లేను అంటే ఆ పాలసీ తీసుకోండి.

ట్రాక్ ఎంపిక కూడా కొంచెం ఆలోచించాలి. మాకు దగ్గర్లో కెర్షాలో ఉన్న కరోలినా మోటార్‌స్పోర్ట్స్ పార్క్ చదునుగా ఉంటుంది, మలుపులు కళ్ల ముందే కనపడతాయి, జారినా పక్కన గడ్డి ఉంటుంది. వర్జీనియా ఇంటర్నేషనల్ రేస్‌వే ఎంతో అందంగా ఉంటుంది, 3.27 మైళ్లు, ఎక్కుతూ దిగుతూ పచ్చటి కొండల మధ్య, కానీ వేగం ఎక్కువ. రోడ్ అట్లాంటాలో కాంక్రీటు గోడలు దగ్గరగా ఉంటాయి, చివరి మలుపు కొండ మీద నుంచి కనపడకుండా కిందికి దిగుతుంది. మొదటి రెండూ సరే, మూడోది మొదటిసారికి వద్దంటాను, పక్కన ఎంత మంచి ఇన్‌స్ట్రక్టర్ ఉన్నా.

హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి అడిగేవాళ్లు కూడా ఉన్నారు. అక్కడా లెక్క ఇదే. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్, కోయంబత్తూరు దగ్గర 2.1 కిలోమీటర్ల కారి మోటార్ స్పీడ్‌వే ఉన్నాయి. ఫార్ములా వన్ జరిగిన గ్రేటర్ నోయిడా బుద్ధ సర్క్యూట్ ఐదు కిలోమీటర్ల పైనే, స్ట్రెయిట్ కిలోమీటరు పైన, మామూలు కారు బ్రేకులకి అది పెద్ద పరీక్ష. చిన్న ట్రాక్‌లో, నేర్పేవాళ్లున్న రోజున మొదలుపెట్టండి. మన దేశంలో కారు పాలసీల్లో రేసింగ్‌కి, స్పీడ్ టెస్టింగ్‌కి కవర్ లేదని స్పష్టంగా రాసే ఉంటుంది, అది మర్చిపోవద్దు.

బుకింగ్ గురించి చెప్పి ముగిస్తాను. క్లబ్ ఈవెంట్లలో నోవిస్ సీట్లు ఎంతమంది ఇన్‌స్ట్రక్టర్లు దొరికితే అన్నే ఉంటాయి, అందుకే అన్నిటికంటే ముందు నిండిపోయేది ఆ గ్రూపే. రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే కట్టేయండి, దొరక్కపోతే వెయిటింగ్ లిస్టులో పేరు పెట్టండి, చివరి రెండు వారాల్లో ఎవరో ఒకరు మానుకుంటారు. చాలాచోట్ల కారుని ముందే మెకానిక్ దగ్గర చూపించి ఫారం మీద సంతకం చేయించుకురావాలి, కాబట్టి షాపు అపాయింట్‌మెంట్ కూడా అదే రోజు తీసుకోండి. మా తమ్ముడు గ్రీర్‌లో ఒక రోజు స్కూల్‌కి డబ్బు కట్టాడు, కెర్షాలో క్లబ్ వీకెండ్‌కి వెయిటింగ్ లిస్టులో ఆరోవాడు. నిన్న మళ్లీ ఫోన్ చేశాడు, టార్క్ రెంచ్ ఏది కొనాలని.